గొంతు కోసం అత్తతో తిరిగిన రోజులు

పెళ్లైన రెండో ఏడు నా గొంతు పోయింది. జలుబు చేసి బొంగురుపోవడం కాదు. ఒక ఉదయం లేచి, పొయ్యి దగ్గర కూర్చున్న మా అత్తతో ఏదో అనబోతే నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. గుసగుసగా ఎంతసేపైనా మాట్లాడగలను, అందులో శబ్దం మాత్రం లేదు. అప్పుడు నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు మీద ఆపరేటర్‌ని. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, తీగలు ఇక్కడ పీకి అక్కడ గుచ్చుతూ, ఒక ఊరి గొంతుని ఇంకో ఊరికి కలపడం నా పని. గొంతు లేకుండా ఆ కుర్చీలో కూర్చుని చేసేదేమీ లేదు. సెలవు పెట్టాను.

ఇది డెబ్బైల చివర్లో మాట. పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం, ముగ్గురం. ఇనప ఖనిజం ఎగుమతయ్యే రోజుల్లో తాడు మీద ఆరేసిన తెల్ల చొక్కాలు సాయంత్రానికి ఎర్రబడేవి. మా ఆయన పోర్టులో క్రేన్ నడిపేవారు. పొద్దస్తమానం అంత ఎత్తున ఒక్కరే కూర్చునే పని కావడం వల్లో ఏమో, కిందికి దిగాక కూడా మాట తక్కువే. ఆ లోటు మా అత్త తీర్చేది. ఆవిడది చోడవరం వైపు పల్లె. మామయ్య పోయాక పొలం పెద్దకొడుక్కి అప్పజెప్పి మా దగ్గరికి వచ్చేసింది. వచ్చి ఏడాది దాటినా విశాఖపట్నంలో ఆవిడ చూసింది మా వీధీ, కూరల బజారూ అంతే.

గొంతు పోవడానికి కొద్ది రోజుల ముందు పెద్ద గాలివాన వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉన్నాను. మాట్లాడుతూండగా ఒక కాల్ తెగిపోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, తోటి ఆపరేటర్లకీ చెప్పలేదు. కాల్స్ తెగడం మాకు కొత్త కాదు, చెప్పుకోవడానికి ఏముంది అనుకున్నాను.

ఆసుపత్రిలో గొంతు డాక్టరు పొడుగు పిడి ఉన్న చిన్న అద్దం నోట్లో పెట్టి చూశారు. దగ్గమంటే దగ్గాను. దగ్గుకి మాత్రం చక్కగా శబ్దం ఉంది. ఆయన నవ్వి, గొంతులో ఏ లోపమూ లేదన్నారు. మనసుకేమైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. లేదని తల ఊపాను. తొందరపడవద్దనీ, తప్పకుండా తిరిగి వస్తుందనీ, కావాలంటే మనసు డాక్టరుకి చీటీ రాసిస్తాననీ చెప్పారు. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో మనసు డాక్టరు అంటే ఒకటే అర్థం. మా ఆయన మొహం పాలిపోయింది. మా అత్త మాత్రం డాక్టరు చెప్పినదాంట్లో తనకి కావలసిన ముక్క ఏరుకుంది.

"గొంతు బాగుందంట. మాటే ఎక్కడో ఆగిపోనాది. ఎతికితే దొరుకుతాది," అంది ఆసుపత్రి మెట్లు దిగుతూ.

వెతకడం మర్నాటి నుంచే మొదలైంది. వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒక వైద్యం వచ్చింది. మిరియాల కషాయం అన్నవాళ్లున్నారు, తాయెత్తు అన్నవాళ్లున్నారు. ఊరి నుంచి వచ్చిన ఒక చుట్టం, ఇది గాలి సోకడమేననీ, వేపమండలతో నాలుగు తగిలిస్తే అదే వదులుతుందనీ, అలా వదిలించేవాడు తనకి తెలుసనీ చెప్పాడు. మా అత్త అతనికి కాఫీ ఇచ్చి, గ్లాసు తిరిగి తీసుకున్నాక అంది, "నా కోడల్ని ఎవుడో కొట్టడమేటి? నానే ఎప్పుడూ సెయ్యెత్తనేదు." అతను మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

ఆవిడ మొదటి వైద్యం వసకొమ్ము. పసిపిల్లలకి మాటలు రావడానికి సానమీద అరగదీసి తేనెలో కలిపి నాలిక్కి రాస్తారు, అదే. దాని ఘాటుకి నా కళ్లమ్మట నీళ్లు కారాయి. పక్కనే భోంచేస్తున్న మా ఆయన్ని చూపించి, "ఈడికి సిన్నప్పుడు పొయ్యడం మర్సిపోనాను. సూడు ఎలాగున్నాడో," అంది. ఆయన మజ్జిగ పోసుకున్నారు.

మా అత్తకి ఒక నియమం ఉండేది. నాకు ఏ మందు ఇచ్చినా ముందు తను తినాలి. ఏమైనా అయితే తనకే కావాలి. వసకొమ్ముతో మొదలుపెట్టి ఆఖరిదాకా అన్నీ ఆవిడ రుచి చూశాకే నా దాకా వచ్చాయి. నా గుసగుస బయటివాళ్లకి వినబడదు కనక, నేను ఆవిడ చెవిలో చెప్పేదాన్ని, ఆవిడ పైకి చెప్పేది. చెప్పినది చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు. వంకాయలు లేతవి కావాలని నేనంటే, అది కూరల బజారులో బయటపడేసరికి వంకాయల గురించీ, వాటికి పురుగు పట్టించినవాడి గురించీ, తమ ఊళ్లో వంగతోటల గురించీ ఒక ప్రసంగం అయ్యేది. ఎక్స్ఛేంజిలో నేను అలా లైన్లు కలిపి ఉంటే మర్నాడే ఇంటికి పంపేసేవారు.

ద్వారకా నగర్‌లో ఒక సందులో పేరున్న హోమియో డాక్టరు ఉండేవారు. ముసలాయన, వినికిడి కాస్త తక్కువ. బల్ల నిండా చిన్న చిన్న సీసాలు. మనిషిని మొత్తం తెలుసుకుంటే గాని మందు ఇవ్వనని, ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. ఉప్పు ఇష్టమా, తీపి ఇష్టమా అన్నారు. రెండూ ఇష్టమేనని అత్త చెవిలో చెప్పాను.

"ఉప్పేనండి. పులుపు కూడాను. ఎండుసేపల కూరుంటే మరేటీ అక్కర్నేదు," అంది అత్త. అది నా ఇష్టం కాదు, ఆవిడది.

నిద్ర ఎలా పడుతుంది అన్నారు.

"ఎక్కడి నిద్రండి. మోకాళ్లు ఒకటే సలుపు."

డాక్టరు గారు కళ్లజోడు సవరించుకుని నా మోకాళ్ల వైపు చూశారు. ఆకలి, దాహం, చలి, కోపం అన్నీ ఆవిడే చెబుతూ పోయింది. నేను చెవిలో చెప్పడం కూడా మానేసి కూర్చున్నాను. ఆఖరున ఆయన, ఉరుములంటే, గాలంటే భయమా అని అడిగారు. అత్త నోరు తెరిచి, నా వైపు చూసి ఆగింది. నేను తల దించుకున్నాను.

"అది దానికే తెలవాలండి," అంది నెమ్మదిగా.

ఆయన ఇంకేమీ అడగకుండా తెల్లటి తీపి మాత్రల సీసా ఇచ్చారు. మందు వాడినన్నాళ్లూ కాఫీ తాగకూడదన్నారు. ఇద్దరం మానేశాం, ఎందుకంటే ఇద్దరం వేసుకుంటున్నాం. మాత్రల తీపి ఆవిడకి నచ్చింది. పప్పులు నమిలినట్టు నమిలి నెలకి ఇచ్చిన సీసా వారంలో ఖాళీ చేసింది. మళ్లీ వెళ్లినప్పుడు గుణం ఎలా ఉందని డాక్టరు గారు అడిగితే, "మోకాళ్లు సానా నయమండి," అంది ఎంతో వినయంగా. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. గొంతు పోయాక నవ్వు రావడం అదే మొదలు, అది కూడా చప్పుడు లేని నవ్వే.

ఆ రోజు తిరిగి వస్తూ అత్త సముద్రం చూద్దామంది. మా క్వార్టర్స్ నుంచి ఓడలు కనిపించేవి గాని ఇసక మీద కూర్చుని అలలు చూడడం ఆవిడకి అదే మొదటిసారి. పొట్లంలో మురీ మిక్చరు, అదే మరమరాలు, కొనుక్కుని కూర్చున్నాం. ఉల్లిపాయ, నిమ్మకాయ, పచ్చిమిరప తగిలి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అప్పటి నుంచి ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా తిరుగుదారి బీచి మీదుగానే. వైద్యం కోసం వెళ్తున్నామో, మురీల కోసం వైద్యం చేయించుకుంటున్నామో నాకు అనుమానం వచ్చేది. నిజం చెప్పాలంటే ఆ రోజుల కోసం ఎదురు చూసేదాన్ని. అత్తాకోడళ్లం అలా బస్సెక్కి తిరగడం మా వీధిలో ఎవరికీ లేదు.

సింహాచలం కూడా వెళ్లాం. అక్కడి గుళ్లో కప్పస్తంభాన్ని కావలించుకుని కోరుకుంటే కోరిక తీరుతుందని నమ్మకం. నేను ఊరికే కావలించుకుని వచ్చేశాను. మా అత్త రెండు చేతులూ చుట్టి, స్తంభానికి చెంప ఆనించి, నా పెళ్లి దగ్గర నుంచి మొదలుపెట్టింది. వెనక జనం పెరిగిపోయారు. పూజారి గారు కానివ్వమ్మా అని మెత్తగా హెచ్చరించారు. "ఉండండి బాబూ, ఇంకా సగమే సెప్పేను," అందావిడ. దిగేటప్పుడు సంపెంగలు కొని నా జడలో పెట్టింది. అనాస ముక్కలు తింటూ మెట్లు దిగుతూంటే, దేవుడికి ఏం చెప్పావని చెవిలో అడిగాను. అది తమ ఇద్దరి మధ్యా మాట అంది.

మా ఆయన తోటివాడెవరో చెప్పగా మెస్మరిజం చేసే ఆయన దగ్గరికీ వెళ్లాం. ఆయన కిటికీ తలుపులు వేసి, గడియారం గొలుసు నా ముందు ఊపుతూ నిద్రపో, నిద్రపో అన్నాడు. నాకు నిద్ర రాలేదు. వెనక బెంచీ మీద మా అత్త గురక మాత్రం వినిపించింది. లేపితే, సానా మంచోడు, ఒళ్లు తేలికైపోనాది అంది.

ఇంట్లో ఇంకో మార్పు వచ్చింది. నేను మాట్లాడకపోయేసరికి మా ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు. మొదట్లో తడబడేవారు. ఇవాళ ఫలానా దేశం ఓడ వచ్చింది అనేవారు, ఆగేవారు. తర్వాత్తర్వాత ఆ ఓడలో వంటవాడు చిలకని పెంచుతున్నాడనీ, పై నుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ పడుకున్న గేదెలా ఉంటుందనీ చెప్పేవారు. కంచం ముందు కూర్చుని ఆయన చెబుతూంటే అత్తా నేనూ మొహాలు చూసుకునేవాళ్లం. నాకు రాసిన వసకొమ్ము ఈయనకి పనిచేసిందేమో అని చెవిలో అంటే ఆవిడ నోట్లో పైట చెంగు కుక్కుకుని నవ్వింది.

మహారాణిపేటలో ఒక రిటైరైన టీచరమ్మ మేడ మీద ఆడవాళ్లకి యోగా నేర్పేది. మధ్యాహ్నం వంటలయ్యాక పదిమంది దాకా వచ్చేవారు. చీరల్లో ఆసనాలేమిటని మొదట నామోషీ పడిన మా అత్త, పొలంలో వంగిన నడుము కనక, అందరికంటే ముందు కాలివేళ్లు అందుకుంది. ఆవిడ గర్వం చూడాలి. నాకైతే కళ్లు మూసుకుని ఊపిరి పీల్చడమే కష్టంగా ఉండేది. కళ్లు మూస్తే గాలి హోరు వినిపించేది. టీచరమ్మకి ఏం అర్థమైందో, నన్ను కళ్లు తెరుచుకునే చెయ్యమంది.

ఒక రోజు తుమ్మెద ఊపిరి నేర్పింది. బొటనవేళ్లతో చెవులు మూసుకుని, పెదాలు కలిపి, ముక్కుతో తుమ్మెదలా సన్నగా రొద చెయ్యాలి. మేడంతా మెల్లగా జుమ్మంది. నేను గాలి వదులుతున్నాను గాని రొద లేదు. అప్పుడు మా అత్త మొదలుపెట్టింది. అది తుమ్మెద కాదు, లంగరెత్తుతున్న ఓడ. చెవులు మూసుకుంది కనక ఆవిడకి తెలియదు. సరిగ్గా అదే సమయానికి హార్బరులో నిజంగానే ఓడ కూత వేసింది, అదే శ్రుతిలో. టీచరమ్మ ఆపుకోవాలని చూసింది, ఆవిడ భుజాలు కదిలిపోయాయి. ఇంక ఎవరూ ఆగలేదు. నేను కడుపు పట్టుకుని చాప మీద ఒరిగిపోయాను. నవ్వి నవ్వి ఊపిరి అందక ఆగేసరికి మేడ నిశ్శబ్దంగా ఉంది. అందరూ నా వైపే చూస్తున్నారు. నా నవ్వు పైకి వినబడింది.

మాట్లాడబోతే మళ్లీ గాలే వచ్చింది. టీచరమ్మ నన్ను మాట్లాడమనలేదు. ఊరికే జుమ్మనమంది. ముక్కులో సన్నగా, దోమంత చప్పుడు వచ్చింది. ఇవాళ్టికి అది చాలంది.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక బీచిలో కూర్చున్నాం. అత్త మురీ పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది.

"ఆ గాలోన రోజు ఏటైంది?" అంది. "హోమియో డాటరు ఉరుములన్నప్పుడు నీ మొకం సూసేను. అప్పుట్నుంచి అడగాలనుకుంతన్నాను. సెప్పాలనుంటే సెప్పు. లేకపోతే తిందుం."

ఆవిడ చెవి దగ్గరికి జరిగి గుసగుసగా మొదలుపెట్టాను. తీరం వెంబడి ఒక చిన్న ఊరి పోస్టాఫీసు నుంచి ఒకావిడ కాల్ చేసింది. భర్త వేటకెళ్లాడట. పడవ విశాఖపట్నం రేవుకి చేరిందేమో కనుక్కోమంది. రేవు నంబరుకి కలిపాను, మోగుతోంది గాని ఎవరూ తియ్యడం లేదు. ఈలోగా ఆవిడ నాతోనే మాట్లాడుతూ ఉంది. నీళ్లు వీధి మొగదలకి వచ్చేశాయంది. బడి మేడ మీదకి వెళ్లిపొమ్మని చెప్పాను. వెళ్తాను, పడవ సంగతి తెలియగానే వెళ్తాను అంది. లైన్లో ఒకటే గరగర. లైను కొయ్యకండమ్మా, మీ గొంతు వినబడుతూంటే ధైర్యంగా ఉంది అంది. నేను కొయ్యలేదు. గాలే తెంపేసింది. డ్యూటీ అయిపోయేదాకా ఆ తీగ గుచ్చుతూ, హలో హలో అంటూనే ఉన్నాను. మిగతా లైన్లు కూడా ఒక్కొక్కటే పోయాయి. నేను మాత్రం హలో అనడం ఆపలేదు. తర్వాత ఆ ఊళ్లో నీళ్లు వచ్చాయనీ, చాలామంది బడిలో తలదాచుకున్నారనీ విన్నాను. ఆవిడ అందులో ఉందో లేదో తెలియదు. తెలుసుకునే దారి లేదు, పేరు అడగలేదు.

"నువ్వేటన్నావు?" అంది అత్త. "ఆవిడ కొయ్యకు అన్నప్పుడు?"

"ఉన్నానమ్మా, లైన్లోనే ఉన్నాను అన్నాను," అన్నాను.

దూరంగా కూర్చున్న ఒకాయన తల తిప్పి మమ్మల్ని చూశాడు. ఎందుకు చూశాడో నాకు తెలియలేదు. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను, ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ. అత్త నా చేతి మీద చెయ్యేసి సముద్రం వైపే చూస్తోంది. ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి ఒక్క ముక్క అనలేదు. అంటే ఎక్కడ మళ్లీ ఆగిపోతుందోనని భయపడిందని తర్వాత చెప్పింది. అలలు హోరెత్తుతున్నాయి, వాటి మీంచి నా గొంతు నాకే వినిపించింది. బొంగురుగా, అరిగిన గొంతు, కానీ నాదే.

చెప్పడం పూర్తయ్యాక ఆవిడ పొట్లం విప్పింది.

"పడవ సంగతి తెలుసుకోడానికి ఒకరున్నారనుకుంది ఆవిడ. అది నిజవే గదా," అంది. కాసేపు నమిలి, "ఇంకమీదట నీ మాట నువ్వే సెప్పుకో. ఇద్దరి మాటా సెప్పి సెప్పి అలిసిపోనాను," అంది. ఆ మాటకి ఇద్దరం ఒకేసారి నవ్వాం, ఏడ్చాం. మెత్తబడిపోయిన మురీలు అంత రుచిగా ఉంటాయని నాకు తెలియదు.

ఇంటికెళ్లేసరికి మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఉన్నారు. అన్నం పెట్టమంటారా అన్నాను. చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఏదీ, ఇంకోసారి అను, అన్నారు. అన్నాను. మళ్లీ అనమన్నారు. పెట్టిన అన్నం చల్లారేదాకా ఆయన అనిపించుకుంటూనే ఉన్నారు.

గొంతు ఆ రోజుతో పూర్తిగా బాగుపడిపోలేదు. కొన్ని రోజులు పొద్దుటే సగం మాటలోనే గాలైపోయేది. అప్పుడు ముక్కుతో జుమ్మంటే నెమ్మదిగా పట్టు చిక్కేది. సెలవు అయ్యాక డ్యూటీలో చేరాను. చేరిన కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. గుచ్చబోయిన తీగ పట్టుకుని ఆగిపోయాను. పెదాలు బిగించి తుమ్మెద ఊపిరి తీశాను. పక్క కుర్చీలో అమ్మాయి బోర్డులో ఏదో రొద వస్తోందని మెకానిక్‌ని పిలిచింది. ఆయన వచ్చి వెనక తలుపు తీసి చాలాసేపు వెతికాడు. నేనేనని చెప్పేసరికి అందరూ నవ్వారు. గాలి ఎప్పుడు తగ్గిందో గమనించుకోలేదు. అప్పటి నుంచి మబ్బు పట్టిన రోజుల్లో ఇద్దరు ముగ్గురు నాతోపాటు జుమ్మనేవాళ్లు.

ఏ వైద్యం పనిచేసిందో నేను ఇప్పటికీ చెప్పలేను. మా అత్తకి ఆ బెంగ లేదు. అరటిపళ్లూ తమలపాకులూ పళ్లెంలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని అందరి దగ్గరికీ మళ్లీ తిరిగింది. ఆసుపత్రిలో గొంతు డాక్టరుకి, మీరు సెప్పినట్టే తిరిగొచ్చింది బాబూ అని చెప్పింది. హోమియో ఆయనకి, మీ మాత్రలవల్లేనండి అంది, నాకోసం ఇంకో సీసా పుచ్చుకుంది. మెస్మరిజం ఆయన్నీ వదల్లేదు. అందరూ సంతోషించారు. ఎవరి దగ్గర వాళ్లదే గొప్ప అన్నావు కదా, ఇంతకీ ఎవరిది నిజం అని బస్సులో అడిగాను. పైకే అడిగాను, కండక్టరు కూడా విన్నాడు.

"అందరూ తలో సెయ్యీ ఏసేరు. ఎవుడి సెయ్యి ఎత్తితే బరువు లేసిందో ఎవుడికి తెలుసు? మీ ఆయన్నడుగు, కిరేనులో ఉంతాడు గదా," అందావిడ.

సింహాచలం ఆఖరున వెళ్లాం. స్తంభం దగ్గర ఈసారి ఆవిడ ఎక్కువసేపు ఉండలేదు. నన్ను ముందుకి నెట్టి, నువ్వే సెప్పుకో అంది. నేను స్తంభానికి చెంప ఆనించి, ఆ తీరం ఊరావిడ కోసం, ఆవిడ పడవ కోసం, చెప్పవలసినదంతా పైకే చెప్పాను. వెనక క్యూ పెరుగుతోందని పూజారి గారు మళ్లీ హెచ్చరించారు.